పొలం కాడ ఫస్ట్ ఎయిడ్ డబ్బా: మీరు నేర్చుకున్నది ఏ సంవత్సరంలో?

పైన వీడియోలో మా షెడ్డు గోడకు తగిలించిన ఆకుపచ్చ డబ్బాను విప్పి, అందులో ఉన్న ఒక్కో సామాను చూపించిన. వీడియోలో చూపించడమే అయింది, ఎందుకు పెట్టినం, ఏది ఎందుకు తీసేసినం అని చెప్పడానికి టైం సరిపోలేదు. ఆ ముచ్చట ఇక్కడ రాస్తున్న. కొంచెం పొడుగ్గానే ఉంటది, ఓపికగా చదవండి.

మాది సంగారెడ్డి పక్కన పోతిరెడ్డిపల్లి. ముంబై రోడ్డు మీద చౌరస్తా అంటే అందరికీ తెలుసు. ఇటు పటాన్‌చెరు దాకా, అటు సదాశివపేట దాకా కంపెనీలే. మా ఈడు వాళ్లలో కంపెనీకి పోని మనిషి తక్కువ. నేను కూడా పదకొండేళ్లు ఒక మందుల కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేసి, 2014లో మానేసి, ఉన్న నాలుగెకరాల్లో జీవామృతంతో సాగు మొదలుపెట్టిన. కంపెనీలో ఉన్నప్పుడు 2003లో నాకు ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ ఇచ్చిన్రు. మా షెడ్డుకు డబ్బా ఇన్‌చార్జి నేనే. ఆ సర్టిఫికెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. పొలానికి వచ్చినంక కూడా "ఫస్ట్ ఎయిడ్ నాకొచ్చు" అనే ధైర్యం ఉండేది. ఆ ధైర్యమే మా చిన్నాయనకు ఎసరు పెట్టింది.

2019 శ్రావణంలో వంగ చేనుల ఆచ్ఛాదన సర్దుతుంటే చిన్నాయన కాలి వేళ్ల కాడ రక్తపింజరి కరిచింది. గడ్డి కింద అది చుట్ట చుట్టుకొని ఉంది. నేను ఉరికిపోయి, నేర్చుకున్నది నేర్చుకున్నట్టే చేసిన. మోకాలి కింద తువ్వాల వేసి, పుల్ల పెట్టి మెలిపెట్టి గట్టిగ బిగించిన. రక్తం పైకి ఎక్కొద్దు అని. ఆటోలో ఎక్కించుకొని ఆస్పత్రికి పోయేసరికి ముప్పావుగంట అయింది. కాలు నల్లగ, గట్టిగ, చల్లగ అయిపోయింది. డ్యూటీ డాక్టరమ్మ చూసి "ఎవరు కట్టిన్రు ఇది?" అని అడిగింది. "నేనే మేడం, నేను ఫస్ట్ ఎయిడ్ ట్రైనింగ్ అయిన" అన్న. కొంచెం గర్వంగానే చెప్పిన. ఆమె తల కూడా ఎత్తకుండా "ఏ సంవత్సరంలో?" అన్నది.

ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు.

చిన్నాయన బతికిండు. ఒక కాలి వేలు తీసేసిన్రు. విషం వల్ల ఎంత పోయిందో, నా తువ్వాల వల్ల ఎంత పోయిందో విడదీసి చెప్పలేమని డాక్టరమ్మ అన్నది. కట్టు కూడా వాళ్లు వెంటనే విప్పలేదు. విరుగుడు ఇంజెక్షన్ ఎక్కుతున్నంక, మెల్లగ, చూసుకుంట విప్పిన్రు. గట్టిగ బిగించింది ఒక్కసారి విప్పితే ఆగిన విషమంతా ఒక్క ఊపుల ఒళ్లంతా పాకుతదట. అంటే నేను కట్టిన కట్టు వాళ్లకు ఇంకో పని పెట్టింది.

సంగతి ఏందంటే, పాము కాటుకు తాడు కట్టొద్దు, గాటు పెట్టొద్దు, నోటితో పీల్చొద్దు అని మన దేశపు జాతీయ చికిత్సా విధానంలోనే 2009లో రాసిన్రు. నేను నేర్చుకున్నది 2003. నడుమ పదేళ్లు పోయినయ్, నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఆ తర్వాత నాకు పాత కంపెనీ డబ్బా గుర్తుకొచ్చింది. అందులో ఒక చిన్న సీసాల ఊదా రంగు స్ఫటికాలు ఉండేవి, పొటాషియం పర్మాంగనేట్. పక్కనే ఒక చిన్న కత్తి లాంటిది, పాము కాటు మీద గాటు పెట్టడానికి. అప్పుడు అదేదో గొప్ప సామాను అనుకున్నం. అది కంపెనీ వాళ్లు సొంతంగ పెట్టింది కూడా కాదు, చట్టంలోనే ఉంది. కాంట్రాక్టు లేబర్ కేంద్ర నియమాలు 1971వి చూడండి. ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఏమేముండాలో రాసిన జాబితాలో గాజుగుడ్డ, అయోడిన్‌తో పాటు పాము కాటు కత్తి, పర్మాంగనేట్ సీసా కూడా ఉన్నయ్. చాలా రాష్ట్రాల ఫ్యాక్టరీ నియమాల్లోనూ ఇదే జాబితా.

దీని మూలం ఇంకా వెనక ఉంది. 1904లో లాడర్ బ్రంటన్, జోసెఫ్ ఫేరర్, లియొనార్డ్ రోజర్స్ అనే ముగ్గురు డాక్టర్లు, కాటు మీద కోసి పర్మాంగనేట్ రుద్దితే విషం విరుగుతదని లండన్‌లో ప్రయోగాల పత్రం వేసిన్రు. గాజు పాత్రల విషాన్ని, పర్మాంగనేట్‌ను కలిపితే నిజంగానే విషం చెడిపోతది. కాని మనిషి కండలోకి దిగిన విషాన్ని అది పట్టుకోలేదు, పైగా కండను కాల్చి పుండు చేస్తది. ఆ పద్ధతిని డాక్టర్లు ఎప్పుడో వదిలేసిన్రు. జాబితాలో మాత్రం కత్తి అట్లనే మిగిలిపోయింది. అంటే చట్టం ప్రకారం డబ్బా పక్కాగ ఉన్నా, అందులో వాడకూడని సామాను ఉండొచ్చు. ఇది మనం బాగా గుర్తుపెట్టుకోవాలె.

ఇంకో తమాషా. ఆ నియమాల్లోనే డబ్బా మీద తెల్ల రంగు మీద ఎర్ర ప్లస్ గుర్తు వెయ్యాలని ఉంటది. కాని ఆ ఎర్ర గుర్తు రెడ్‌క్రాస్ వాళ్లది, యుద్ధంల వైద్య సేవకు కేటాయించింది. మన దేశంల 1960 జెనీవా ఒప్పందాల చట్టం ప్రకారం అనుమతి లేకుండ ఎవరూ వాడొద్దు. అందుకే ఇప్పుడు ప్రపంచమంతా ఆకుపచ్చ మీద తెల్ల ప్లస్ వేస్తున్నరు. మా డబ్బా ఆకుపచ్చగ ఎందుకు ఉందని వీడియోలో మీకు అనుమానం వస్తే, కారణం అదీ.

చట్టం సంగతి వచ్చింది కాబట్టి రెండు మాటలు. 1948 ఫ్యాక్టరీస్ యాక్టు 45వ సెక్షన్ ప్రకారం 150 మంది కార్మికులకు తక్కువలో తక్కువ ఒక డబ్బా, దానికి ట్రైనింగ్ అయిన బాధ్యుడు, 500 మంది దాటితే అంబులెన్స్ రూమ్ ఉండాలె. ఇప్పుడు ఆ చట్టం, కాంట్రాక్టు లేబర్ చట్టం, ఇంకా కొన్ని కలిపి మొత్తం 13 చట్టాలను ఒక్కటి చేసిన 2020 నాటి కార్మిక భద్రత, ఆరోగ్యం కోడ్ 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చింది. మన పొలం మాత్రం ఫ్యాక్టరీ లెక్కలోకి రాదు. పది మంది కూలోళ్లు కలుపు తీస్తున్నా మనల్ని డబ్బా ఏదని అడిగే ఇన్‌స్పెక్టర్ లేడు. కాని ఎఫ్‌పీఓ పెట్టి గానుగ నూనె, పప్పు మిల్లు నడుపుతున్నోళ్లు జాగ్రత్త. పాత చట్టంల కరెంటుతో నడిచే యూనిట్‌కు 10 మంది ఉంటే ఫ్యాక్టరీ, కొత్త కోడ్‌ల 20 మంది. నా మాట అడిగితే, తలకాయలు లెక్కపెట్టుకుంట కూర్చోకుండ డబ్బా పెట్టుకోండి. బ్లేడుకు మన లెక్క తెల్వదు.

ఇప్పుడు పాము సంగతికే మళ్లా వస్త, ఎందుకంటే మన సాగుల అదే పెద్ద గండం. రసాయనాలు కొట్టని చేనుల కప్పలు, ఎలుకలు, తొండలు ఎక్కువ. ఆచ్ఛాదన అంటే వాటికి ఇల్లు. వాటి వెనక పాము వస్తది. ఇది మన పద్ధతిల తప్పు కాదు, చేను బతికే ఉందని గుర్తు. కాని చెయ్యి పెట్టే ముందు కట్టెతోటి కదిలియ్యాలె. 2011లో వచ్చిన ఒక పెద్ద సర్వేల దేశం మొత్తంలో ఏడాదికి 46 వేల మంది పాము కాటుతో పోతున్నరని తేలింది. జనాభా లెక్కన చావుల రేటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అందరికన్నా ఎక్కువ వచ్చింది. 2020లో వచ్చిన ఇంకో లెక్కల 2000 నుంచి 2019 దాకా దేశంల 12 లక్షల మంది. అందులో నూటికి తొంభై మందికి పైగా పల్లెటూరోళ్లే. అంటే మనమే.

2024 మార్చిల కేంద్రం పాము కాటుకు జాతీయ కార్యాచరణ ప్రణాళిక పెట్టింది, 2030 కల్లా చావులు సగం చెయ్యాలని. అదే ఏడు నవంబర్‌ల, పాము కాటు కేసులన్నీ తప్పనిసరిగ ప్రభుత్వానికి తెలపాల్సిన జబ్బుల కింద పెట్టమని రాష్ట్రాలకు లేఖ రాసింది.

మరి కరిస్తే ఏం చెయ్యాలె? ఇప్పుడు చెప్పే పద్ధతి వింటే "ఇంతేనా" అనిపిస్తది. మనిషిని కూర్చోబెట్టి లేదా పండబెట్టి ధైర్యం చెప్పాలె, ఎందుకంటే చాలా కాట్లు విషం లేని పాములవి, విషప్పాము కూడా ప్రతిసారీ విషం దించదు. కరిచిన కాలో చెయ్యో విరిగిన ఎముకకు కట్టినట్టు ఒక బద్ద పెట్టి, గుడ్డతోటి వదులుగ కట్టి కదలకుండ చెయ్యాలె. గుడ్డ కింద వేలు దూరాలె. మట్టెలు, కడియాలు, ఉంగరాలు, గాజులు వెంటనే తీసెయ్యాలె. వాపు వచ్చినంక అవే తాడు లెక్క బిగుసుకుంటయ్. ఇది మా చిన్నమ్మకు చెప్తే మట్టెలు తియ్యడానికి ముందు ఒప్పుకోలేదు, తర్వాత చిన్నాయన కాలు చూపిస్తే ఒప్పుకుంది. మనిషిని నడిపియ్యొద్దు. 108కి ఫోన్ కొట్టాలె, అది వచ్చేదాకా ఆగలేమంటే బండి మీద నడుమ కూర్చోబెట్టి వెనక ఒకరు పట్టుకొని పోవాలె. పోయేటప్పుడు ఎప్పుడు కరిచింది, కనురెప్పలు వాలినయా, మాట తడబడిందా, చిగుళ్ల నుంచి రక్తం వచ్చిందా, ఇవి చూసి డాక్టరుకు చెప్పాలె.

పామును చంపి సంచిల తీస్కపోవాల్సిన పని లేదు. చంపబోయి రెండో మనిషి కరిపించుకున్న కథలు మన ఊర్లల్ల లేవా? మన దగ్గర దొరికే విరుగుడు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ కలిపి చేసిందే. దూరం నుంచి ఫోన్‌ల ఫోటో దొరికితే మంచిది, దొరక్కపోతే వద్దు. నొప్పి గోలీలు, డైక్లోఫెనాక్ లాంటివి వెయ్యొద్దు. పింజరి విషం రక్తం గడ్డకట్టకుండ చేస్తది, ఆ గోలీలు దానికి తోడైతయ్. ఆస్పత్రిల కొత్త గాజు సీసాల కొంచెం రక్తం పోసి 20 నిమిషాలు కదపకుండ పెట్టి, గడ్డ కట్టిందా లేదా అని చూస్తరు. చూడటానికి నాటు పరీక్షలాగ ఉంటది కాని, మా చిన్నాయనకు మందు ఎక్కించాలా వద్దా అనేది దానితోటే తేల్చిన్రు.

కట్లపాము గురించి ఒక్క మాట. అది రాత్రిపూట పడుకున్నోళ్లను కరుస్తది, నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లారేసరికి కడుపు నొప్పి, గొంతు పట్టడం, రెప్పలు వాలడం. చేను కావలి పోయి కింద పండుకునేటోళ్లు మంచం మీద, దోమతెర చుట్టూ దోపుకొని పండుకోండి. డబ్బాల పెట్టే సామాను కన్నా ఇది గొప్ప సామాను.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, మా పిల్లలకు వివరించడానికి నాకే గంట పట్టింది. పాము కాటుకు బిగించి కట్టొద్దు అన్న కదా. కాని గడ్డి కోసే మిషన్‌ల చెయ్యి పడి రక్తం చిమ్ముతుంటే? నేను నేర్చుకున్నప్పుడు "బిగించి కట్టడం ఆఖరి దారి, చెయ్యి పోతది" అని భయపెట్టేటోళ్లు. గత పదిహేనేళ్లల్ల ఆ సలహా మారింది. మొదట గుడ్డ పెట్టి రెండు చేతులతో గట్టిగ అదమాలె, చాలాసార్లు అదే సరిపోతది. అట్ల అదిమినా ఆగకుండ ప్రాణం మీదికి వస్తుంటే, గాయానికి నాలుగు వేళ్ల పైన, కీలు మీద కాకుండ, వెడల్పాటి గుడ్డతోటి రక్తం ఆగేదాకా బిగించాలె, కట్టిన టైం కాగితం మీద రాసి అంటించాలె, ఆస్పత్రిలనే విప్పాలె. సన్న తాడు, వైరు వాడొద్దు, కండను కోస్తయ్. అంటే ఒకే తువ్వాల, ఒక కాడ తప్పు, ఒక కాడ ప్రాణం. పాముకు రక్తం ఆపడం మన పని కాదు, మిషన్ గాయానికి రక్తం ఆపడమే పని. తెగిన వేలు దొరికితే తడి శుభ్రమైన గుడ్డల చుట్టి, ప్లాస్టిక్ కవర్ల పెట్టి మూతి కట్టి, ఆ కవరును మంచు నీళ్లల్ల పెట్టాలె. మంచుగడ్డ మీద నేరుగ పెడితే వేలు చచ్చిపోతది.

ఇప్పుడు మన కషాయాల సంగతి. దీని మీద మనోళ్లు చాలామంది నన్ను తిడతరు, తెలుసు. "ప్రకృతి సాగే కదా, ఏమైతది" అనే మాట నాకు పడదు. అగ్ని అస్త్రంల ఏముంటది? గోమూత్రం, వేపాకు, పచ్చిమిర్చి ముద్ద, వెల్లుల్లి, పొగాకు పొడి. పురుగును చంపే పొగాకు నికోటిన్ మన తోలుకు కూడా తెలుసు. తడిసిన చొక్కాతోటి పొద్దంతా కొడితే కడుపుల తిప్పుతది, తల తిరుగుతది, వాంతులైతయ్. ఎండ దెబ్బ అనుకుంటం. మా దగ్గర ఒక పిల్లగానికి అట్లనే అయింది, మజ్జిగ తాపి పండబెట్టినం. అసలు చెయ్యాల్సింది తడి బట్టలు విప్పించి సబ్బుతోటి ఒళ్లంతా కడగడం, తగ్గకపోతే ఆస్పత్రికి తోలడం.

దశపర్ణిల కొందరు ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు వేస్తరు. జిల్లేడు పాలు కంట్ల పడితే నల్లగుడ్డు మీద దెబ్బ పడి చూపు మసకైతది. ఉమ్మెత్త నలిపిన చేత్తోటి కన్ను రుద్దుకుంటే కంటిపాప పెద్దదై వెలుతురు చూడలేరు. గన్నేరు కడుపులకు పోతే గుండె మీద పడతది. బోర్డో మిశ్రమానికి కలిపే సున్నం కంట్ల పడితే ఇంకా ప్రమాదం. వడకట్టేటప్పుడు మా ఆమె కంట్ల అగ్ని అస్త్రం చిమ్మింది ఒకసారి. పక్కింటి అవ్వ ఆముదం చుక్క తెచ్చింది, ఇంకొకరు పసిపిల్ల తల్లి పాలు పొయ్యమన్నరు. ఏదీ వద్దు. శుభ్రమైన నీళ్లు, రెప్పలు రెండు వేళ్లతో విప్పి పట్టుకొని, ముక్కు వైపు నుంచి చెవి వైపుకు, 15 నుంచి 20 నిమిషాలు ఆగకుండ పొయ్యాలె. రెండు నిమిషాలు కడిగి ఆపేస్తం మనం, అదే తప్పు. గడియారం చూడండి. అందుకే మా డబ్బాల అర లీటరు సెలైన్ సీసాలు రెండు పెట్టినం, పక్కన మూతకు తొర్రలు పెట్టిన నీళ్ల బాటిల్ ఒకటి వేలాడదీసినం. కడిగినంక నొప్పి, మసక ఉంటే కంటి డాక్టరుకు చూపియ్యాలె. సున్నం, జిల్లేడు పాలు అయితే నొప్పి లేకున్నా చూపియ్యాలె.

కషాయాలు, వేపనూనె కూల్‌డ్రింక్ సీసాల నింపేటోళ్లకు దండం పెడుతున్న, ఆ పని మానండి. వేపనూనె చిన్నపిల్లలు తాగితే ఫిట్స్ వస్తయ్. ఏదైనా తాగితే ఉప్పునీళ్లు తాపి వాంతి చేపించే పాత పద్ధతి ఇప్పుడు లేదు, వాంతి ఊపిరితిత్తులకు పోతే రెండో గండం. సీసా పట్టుకొని ఆస్పత్రికి పోవుడే. ఢిల్లీ ఎయిమ్స్‌ల జాతీయ విష సమాచార కేంద్రం ఉంది, 1800 116 117 ఉచిత నంబరు. డబ్బా మూత లోపల రాసిపెట్టిన.

కాలిన గాయాల గురించి రాయాలంటే చెయ్యి ఆగుతది. 2025 జూన్ 30న మా పక్కనే పాశమైలారంల సిగాచి కంపెనీల పేలుడు జరిగి నలభై మందికి పైగా కార్మికులు పోయిన్రు. ఆ దినం మా ఊరోళ్లందరం ఫోన్లు పట్టుకొని మా మనుషులు ఏ షిఫ్టుల ఉన్నరో అని కూర్చున్నం. అంత పెద్ద దానికి డబ్బా ఏం చేస్తది అనొచ్చు, నిజమే. కాని ఆ వారంలనే నేను మా డబ్బా విప్పి చూస్తే, లోపల ఎక్స్‌పైరీ అయిన పసుప్పచ్చ ఆయింట్‌మెంట్ ట్యూబు ఒక్కటి, ఎండకు ఎండి జిగురు పోయిన ప్లాస్టర్లు. సిగ్గయింది.

కాలితే ఇప్పుడు చెప్పేది ఇదీ: కాలిన చోట పారే చల్లని నీళ్లు, 20 నిమిషాలు. ఐస్ వద్దు. టూత్‌పేస్ట్, ఇంకు, కోడిగుడ్డు, పసుపు, ఆయింట్‌మెంట్ ఏవీ వద్దు, డాక్టరు అవన్నీ గీకి తియ్యాల్సి వస్తది. బొబ్బలు పగలగొట్టొద్దు. పైన శుభ్రమైన అంటుకోని గుడ్డ వదులుగ కప్పాలె. బోరు మోటరు మన దగ్గరే ఉన్నది కదా, ఈ విషయంల మనం పట్నపోళ్ల కన్నా నయం.

కుక్క కాటుకు కూడా పద్ధతి మారింది. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు అనే భయంతోటి ఇంకా కొందరు పోరు. ఆ పాత మందు మన దేశంల ఆగిపోయి ఇరవై ఏళ్లు అయింది. ఇప్పుడు ప్రభుత్వ ఆస్పత్రుల్ల చేతి తోలుకు, కరిచిన రోజు, 3, 7, 28వ రోజుల్ల ఇస్తున్నరు. ముందు మాత్రం సబ్బు, పారే నీళ్లతోటి 15 నిమిషాలు కడగాలె. కారం, సున్నం పెట్టొద్దు. రక్తం వచ్చే లోతు కాటైతే గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేస్తరు, అడిగి వేపించుకోండి. కొడవలి తెగినప్పుడు వేసే టీటీ ఇంజెక్షన్ కూడా ఇప్పుడు ప్రభుత్వ దవాఖానల్ల టీడీ అయింది, ధనుర్వాతంతో పాటు కంఠసర్పికి కూడా పనిచేస్తది. పేరు మారిందని వద్దనకండి.

ఎండాకాలానికి ఓఆర్ఎస్. ఇందులోనూ మార్పు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002 తర్వాత ఉప్పు, చక్కెర రెండూ తగ్గించిన కొత్త కొలత పెట్టింది. ఒక లీటరుకు 20.5 గ్రాముల ప్యాకెట్. పాత ప్యాకెట్ 27.9 గ్రాములు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకొని డబ్బాల్ల అమ్మే తియ్యటి పానకాల మీద హైదరాబాద్ పిల్లల డాక్టరమ్మ శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు కొట్లాడిన్రు. 2025 అక్టోబర్‌ల ఆహార భద్రత సంస్థ, అసలు కొలత లేనిదానికి ఆ పేరు వాడొద్దని ఆర్డర్ ఇచ్చింది. కొనేటప్పుడు ప్యాకెట్ వెనక కొలత చూడండి. అర్ధ లీటరుకు మొత్తం ప్యాకెట్ కలపొద్దు. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచాలు తలగొట్టినవి. ఎండ దెబ్బ తగిలి మాట తడబడుతున్న మనిషికి మాత్రం ఏదీ తాపొద్దు. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లు పోసి విసురుకుంట 108కి చెయ్యాలె.

స్టార్టర్ డబ్బా కాడ షాకు కొడితే ముందు ఫ్యూజు తియ్యండి, మనిషిని ముట్టుకోకండి. ఊపిరి లేకపోతే ఛాతీ నడుమ రెండు అరచేతులతో గట్టిగ, వేగంగ నొక్కుకుంట పోవాలె, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, రెండంగుళాల లోతు. నేను నేర్చుకున్నప్పుడు 15 నొక్కులకు రెండు ఊదుళ్లు. 2005లో 30కి రెండు అయింది. ఊదడం రానోళ్లు నొక్కడం ఆపకుంటే చాలు. ఇది రాసి నేర్పేది కాదు, బొమ్మ మీద చేసి చూడాలె, రెడ్‌క్రాస్ వాళ్లు ట్రైనింగ్ ఇస్తరు. గోబర్ గ్యాస్ గుంతల, పాడుబడ్డ బావిల పడి మనిషి స్పృహ తప్పితే మీరు దిగకండి. ముందు ఒకరు పడితే కాపాడబోయి ముగ్గురు పోతరు.

మా డబ్బాల ఇప్పుడు ఏమున్నయంటే: స్టెరైల్ గాజు ప్యాకెట్లు, మూడు సైజుల రోలర్ బ్యాండేజీలు, రెండు త్రికోణం గుడ్డలు, వెడల్పు టేపు, బట్టలు కోసే కత్తెర, చేతి తొడుగులు, సెలైన్, ఓఆర్ఎస్ ఐదు, సబ్బు బిళ్ల, టార్చి, పెన్ను, కాగితం, రెండు చెక్క బద్దలు. గోలీలు లేవు. అయోడిన్ సీసా, స్పిరిట్, దూది, బ్లేడు తీసేసినం. మామూలు గాయానికి నీళ్లు, సబ్బు చాలు. దూది పోగులు గాయంల ఇరుక్కుంటయ్. రేకుల షెడ్డుల ఎండకు టేపు జిగురు పోతది, అందుకే డబ్బాను వేపచెట్టు వైపు గోడకు మార్చిన. మూత లోపల కాగితం మీద మా పొలం దారి గుర్తు, 108, విరుగుడు ఇంజెక్షన్ ఉన్న దగ్గరి ఆస్పత్రి నంబరు. ఆ ఆస్పత్రికి వానలు మొదలయ్యే ముందు నేనే ఫోన్ చేసి "మందు ఉన్నదా, రాత్రిపూట ఇచ్చేటోళ్లు ఉన్నరా" అని అడుగుత. ఉన్నదని అనుకొని పోవుడు, ఉన్నదని తెలిసి పోవుడు, రెండూ వేరు.

ఏడాదికి రెండుసార్లు విప్పుతం. మిరుగు కన్నా వారం ముందు ఒకసారి, దసరాకు ఒకసారి. ఎక్స్‌పైరీ తేదీలు చూస్త, వాడిన దాని జాగల కొత్తది పెడుత, ఆ ఏడు ఏ సలహా మారిందో మా పీహెచ్‌సీ సిస్టరమ్మను అడిగి కాగితం మీద రాసి, పక్కన సంవత్సరం వేస్త. మా సర్టిఫికెట్టు మీద 2003 అని ఉన్నట్టు. దసరా ఆయుధ పూజకు నాగలి, కొడవళ్లు, స్ప్రేయర్ పక్కన డబ్బా కూడా పెడుతం. బొట్టు పెట్టేది చిన్నాయననే. పోయినసారి పెట్టేటప్పుడు కాగితం మీది సంవత్సరం చూసి, "ఇది కొత్తదేనా రా?" అని అడిగి, అవునన్నంకనే పెట్టిండు.